పన్నెండు తరవాత పద్నాలుగు

డెరిక్ ఓల్డ్‌రాయిడ్ కుడి మోకాలికి దిండు కట్టుకుని, పట్టీ బిగించి, ఎడమ మోకాలి దగ్గరికి వచ్చేసరికి కాసేపు ఆగాడు. ఈమధ్య వంగితే ఊపిరి అందడం లేదు. పొయ్యి మీద కెటిల్ కూత మొదలుపెట్టింది. కిటికీ బయట ఇంకా చీకటిగానే ఉంది. అక్టోబరు ఆఖరి వారంలో ఆ ఊరికి ఏడున్నర దాటితే గాని వెలుగు రాదు.

ఆ దిండ్లు అతను సొంతంగా చేసుకున్నవి. మూతపడిన బొగ్గుగనిలోంచి తెచ్చిన రబ్బరు పట్టాను మోకాలి కొలతకు కోసి, లోపల భార్య లినెట్ పనిచేసిన మిల్లు తివాచీ ముక్క అతికించి, తోలు పట్టీలు కుట్టించాడు. ఇరవై రెండేళ్ళయింది. కంపెనీ ఏటా కొత్తవి ఇస్తుంది. సంతకం పెట్టి తీసుకుంటాడు, ప్యాకెట్ విప్పకుండా బీరువాలో పడేస్తాడు. తన దిండ్లలో మోకాళ్ళు రెండూ ఇమిడేలా గుంటలు పడ్డాయి. కుడి గుంట కొంచెం లోతు. మనిషి బరువంతా ఆ పక్కే వేస్తాడు.

రోడ్ల మీద గీతలు వెయ్యడం అతని పని. పొడుగు గీతలకు యంత్రం ఉంది. అక్షరాలు, అంకెలు, బాణం గుర్తులు మాత్రం మనిషి మోకాళ్ళ మీద కూర్చుని చేత్తో వెయ్యాల్సిందే. లారీ మీది బాయిలర్లో రంగుపొడి పాకంలా ఉడుకుతుంది. దాన్ని బకెట్‌లోకి దించి, అడుగులేని చిన్న ఇనుప పెట్టెలో పోసుకుని, సుద్దగీత వెంబడి వెనక్కి లాగాలి. చెయ్యి వణికితే అక్షరం వణుకుతుంది. డెరిక్ ముప్పై ఎనిమిదేళ్ళుగా లాగుతున్నాడు. డ్యూస్‌బరీ చుట్టుపక్కల ఇరవై మైళ్ళలో ఏ కారు ఎక్కడ ఆగినా చాలామటుకు అతను గీసిన గీత దగ్గరే ఆగుతుంది. అతని పేరు మాత్రం ఒక్క డ్రైవరుకూ తెలీదు. తెలియాలని అతనూ ఎప్పుడూ అనుకోలేదు.

"ఫోను ఎన్నింటికన్నారు?" అంది లినెట్. కిటికీ పక్క కుర్చీలో దుప్పటి కప్పుకుని కూర్చుని ఉంది.

"రెండింటికి."

"అడిగినదానికే చెప్పు. కోపం తెచ్చుకోకు. నువ్వు కోపంలో మాట్లాడితే దేనికి కోపమో ఎదుటివాళ్ళకి అర్థం కాదు."

డెరిక్ టీ తాగేసి, కాగితాల కవరు చంకలో పెట్టుకుని, ఆమె తలమీద చెయ్యి వేసి బయటికి నడిచాడు. గుమ్మం ముందు కటకటాల ర్యాంపు. ర్యాంపు కింద అతని పాత నీలం కారు. కారు ముందు తారు మీద తెల్లటి స్ప్రే రంగుతో రాసిన 13. దాన్ని చూడకుండా దాటడం ఏడాదిగా అలవాటు చేసుకున్నాడు. ఇవాళ ఆగి చూశాడు. అంచులు చిమ్మినట్టుగా ఉన్న అంకె, పక్కకి వాలిన అంకె. అబద్ధం చెప్పేవాడు ఆ అబద్ధమైనా తిన్నగా రాయలేకపోయాడు.

గొడవంతా ఆ అంకె దగ్గరే ఉంది.

1991లో మిల్ ఫోల్డ్ ఫ్లాట్లు కట్టినప్పుడు అక్కడ కార్ల స్థలాలకు గీతలు వేసింది డెరికే. ఫ్లాట్లు పదమూడు, కార్ల స్థలాలు పదమూడు. పన్నెండు అంకె పూర్తిచేసి, జరిగి, తరవాతి అంకెకు సుద్ద తీస్తుంటే బిల్డరు బురదలో పరిగెత్తుకొచ్చాడు. పదమూడు వెయ్యకయ్యా బాబూ, పదమూడు కొనేవాడు ఈ యార్క్‌షైర్‌లో ఇంకా పుట్టలేదు, పద్నాలుగు వెయ్యి అన్నాడు. డెరిక్ పద్నాలుగు వేశాడు. అతను పుట్టిన వీధిలోనూ పన్నెండు పక్క ఇల్లు పద్నాలుగే. ఆ దేశంలో వీధులూ హోటళ్ళూ ఆ ఒక్క అంకెను ఎప్పుడూ దాటేసే పోతాయి, అడిగేవాడూ లేడు.

ఆ రోజు లినెట్ అతనికి తిండి డబ్బా తెచ్చింది. అప్పటికి వాళ్ళు చేపల దుకాణం మీద చెమ్మగోడల అద్దెగదిలో ఉండేవారు. ఆమె ఆ చివరి ఫ్లాటు కిటికీలోంచి లోపలికి తొంగిచూసి చాలాసేపు అక్కడే నిలబడిపోయింది. మిగతా పన్నెండూ అమ్ముడైపోయినా అదొక్కటి మిగిలిపోయింది. బిల్డరు ఎంత తెలివిగా దాటేసినా జనం వేళ్ళమీద లెక్కపెట్టుకున్నారు. అందుకే ధర తగ్గింది, అందుకే వీళ్ళు కొనగలిగారు. పేరు మారిస్తే కీడు పోతుందా అని వాళ్ళమ్మ అడిగితే, "దురదృష్టానికి లెక్కలు రావులే అమ్మా" అని నవ్వింది లినెట్. ఎవరి దగ్గరో కెమెరా అడిగి తెచ్చి, తడి పద్నాలుగు పక్కన మోకాళ్ళ మీద కూర్చున్న మొగుణ్ణి ఫొటో తీసింది. దస్తావేజులో రాశారు: ఫ్లాటు నంబరు 14, దానికి చెందిన కారు స్థలం నంబరు 14, ఎల్లకాలం, ఏ రుసుమూ లేకుండా.

ముప్పై ఏళ్ళు ఏ గొడవా లేదు. కిందటేడు వసంతంలో ఫ్లాట్ల చుట్టూ ఉన్న ఆవరణంతా చేతులు మారింది. కొత్త యజమాని తరఫు ఏజెంటు పాత తారు మీద కొత్త తారు పోయించాడు. డెరిక్ పద్నాలుగు దాని కింద పడిపోయింది. పార్కింగ్ అజమాయిషీ అంతా ఒక ప్రైవేటు కంపెనీకి అప్పగించారు. ఆ కంపెనీలో ఎవడో ఎక్కడో కూర్చుని, ఆకాశంలోంచి తీసిన బొమ్మ చూసి, గేటు దగ్గర్నుంచి ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టి పదమూడు దగ్గర ఆపేశాడు. అదే కంపెనీలో ఇంకెవడో ఫ్లాట్ల జాబితా చూసి పర్మిట్లు అచ్చేశాడు. ఆ విధంగా డెరిక్‌కు పద్నాలుగో స్థలానికి పర్మిట్ వచ్చింది, అతని స్థలం మీదికేమో పదమూడు వచ్చింది. మర్నాడే కారు అద్దం మీద పసుపు కవరు. మీకు అనుమతి లేని పదమూడో స్థలంలో కారు పెట్టారు, వంద పౌండ్లు కట్టండి. పద్నాలుగు రోజుల్లో కడితే నలభై తగ్గిస్తాం. నేలమీద లేని పద్నాలుగు వాళ్ళ ఉత్తరంలో మాత్రం ఉంది.

మరి నా పద్నాలుగో స్థలం ఎక్కడుందో చూపించండి, అక్కడే పెట్టుకుంటాను అని డెరిక్ మర్యాదగానే రాశాడు. పద్నాలుగో స్థలం మా పరిధిలో లేదు అని జవాబొచ్చింది. పదమూడు తరవాత ఇంకో స్థలం కొలిస్తే అది చెత్తడబ్బాల గదిలో పడుతుంది. అంటే కంపెనీ మాట వినాలంటే ఓల్డ్‌రాయిడ్ దంపతులు గోడ పగలగొట్టుకుని చెత్తడబ్బాల మధ్య కారు పెట్టుకోవాలి. తాము పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనుషులు లోకంలో ఎప్పుడూ ఉన్నారు. ఇప్పుడు వాళ్ళకు కంప్యూటరు కూడా దొరికింది.

డెరిక్ చేసిన తప్పు ఒకటుంది. కొలతల మనిషి కాబట్టి రెండో ఉత్తరంలో అంతా కొలిచినట్టు రాశాడు: "గేటు నుంచి లెక్కపెడితే పదమూడోదైన స్థలంలో నేను ముప్పై ఏళ్ళుగా కారు పెడుతున్నాను." ఆ ఒక్క వాక్యాన్ని వాళ్ళు పట్టుకున్నారు. పదమూడో స్థలంలో పెట్టినట్టు మీరే ఒప్పుకున్నారు అన్నారు. ఆ తరవాత ఎన్ని కాగితాలు పంపినా గోడకు చెప్పుకున్నట్టే అయింది. జరిమానా టికెట్లు ఏడయ్యాయి. ఏడింటినీ కలిపి కోర్టులో దావా వేశారు. దాని విచారణ ఇవాళ, ఫోన్లోనే.

పన్నెండో ఫ్లాటు ట్రెవర్, రిటైరైన బస్సు కండక్టరు, ఈ వయసులో కోర్టులెందుకు, కట్టేసి హాయిగా ఉండరాదా అన్నాడు. అతను తన మీద పడిన రెండు టికెట్లూ నోరెత్తకుండా కట్టేసినవాడు. డెరిక్‌కు కట్టలేక కాదు. కడితే ఆ స్థలం తనది కాదని ఒప్పుకున్నట్టు.

ఆ స్థలం కారు కోసం కూడా కాదు, లినెట్ కోసం. ముప్పై ఏళ్ళ తివాచీల మిల్లు నూగు ఆమె ఊపిరితిత్తుల్లో ఉండిపోయింది. కారు తలుపు నుంచి ర్యాంపు కటకటా వరకు సరిగ్గా తొమ్మిది అడుగులు. తొమ్మిది అడుగులు ఆమె వెయ్యగలదు, పదోది ఆగితే గాని పడదు. వీధిలోంచి అయితే అరవై పైనే. కంపెనీవాళ్ళేమో ఎవరికీ చెందని పదమూడు ఒకటి తేరగా దొరికిందని దాన్ని ఫోన్లో గంటల లెక్కన బయటివాళ్ళకు అద్దెకిస్తున్నారు. రైల్వే స్టేషను దగ్గరేమో, గిరాకీ బాగానే ఉంది. జూన్ నెలలో ఆస్పత్రి నుంచి ఆమెను తీసుకొచ్చేసరికి అక్కడ ఎవరిదో ఎర్రకారు ఉంది. డెరిక్ ఆమెను గేటు నుంచి రెండు చేతుల మీద మోసుకెళ్ళాడు. కిటికీల్లోంచి అందరూ చూస్తుండగా ఆమె మొహం అతని భుజంలో దాచుకుంది. లోపల కూర్చోబెట్టాక, "నన్ను ఇలా మొయ్యకు ఇంకెప్పుడూ" అంది. అంతకుముందు డెరిక్‌కు చిరాకే ఉండేది. కడుపుమంట ఆ రోజు మొదలైంది.

గేటు బయట లారీ హారను వినపడింది. మల్కీత్ వచ్చాడు. ఇద్దరి ముఠాకు మేస్త్రీ, నలభై ఏళ్ళవాడు, తలపాగా మీద నారింజ రంగు జాకెట్టు టోపీ లాగినవాడు. పదిహేడేళ్ళ కిందట ఇనుప పెట్టె పట్టుకోవడం అతనికి నేర్పింది డెరికే.

"నిద్రపట్టిందా పెద్దాయనా?"

"పట్టినంత పట్టింది."

సెలవులని మూసి ఉన్న ఒక బడి ముందు ఆ రోజు పని. ప్రహరీ పొడుగునా పసుపు వంకర గీతలు, మధ్యలో ఒక్కోటి మనిషంత ఎత్తు అక్షరాలతో ఇక్కడ ఆపవద్దని మాట. మల్కీత్ కోన్లు పెట్టి బాయిలర్ వెలిగించాడు. డెరిక్ సుద్దదారం పట్టుకుని నేలను కొలవడం మొదలుపెట్టాడు. అతను టేపు ముందు పెట్టి తరవాత అడుగులతో సరిచూసుకుంటాడు. రెండూ కుదరకపోతే టేపునే అనుమానిస్తాడు. పాకం సిద్ధమయ్యాక మోకాళ్ళ మీదికి దిగాడు. ఒక్కో గీత లాగాక పక్కన డబ్బాలోంచి గుప్పెడు గాజుపొడి తీసి, తడి మీద పంచదార చల్లినట్టు చల్లాడు. చీకట్లో కారు దీపాలకు గీత మెరిసేది ఆ పొడివల్లే.

పదకొండింటికి ఎడమ భుజం లాగుతోందన్నాడు. పెట్టె తాను లాగుతానన్నాడు మల్కీత్. వద్దన్నాడు డెరిక్. సగం మాట ఒక చేత్తో, సగం ఇంకో చేత్తో రాస్తే చదివే పిల్లలకు తెలియకపోవచ్చు గాని రోడ్డుకు తెలుస్తుంది. చివరి అక్షరం అయ్యాక దాని పక్కనే కాలిబాట మీద కూర్చున్నాడు. అది అతని పద్ధతి. రోజులో చివరి గీత గట్టిపడేదాకా పది నిమిషాలు కాపలా ఉంటాడు. పిల్లి తొక్కినా, ఆకు పడినా ఒప్పుకోడు. ఎన్ని కోన్లు పెట్టినా మనిషి ఉండాలంటాడు.

రెండుకు పది నిమిషాలుందనగా మల్కీత్ వెళ్ళి బాయిలర్ మంట తగ్గించాడు. దాని హోరు ఫోన్లో పడకూడదని. డెరిక్ లారీ క్యాబిన్‌లో కూర్చుని, దిండ్లు కట్టుకున్న మోకాళ్ళ మీద దస్తావేజు పరిచి, దానిమీద ఫొటో పెట్టాడు. టోపీ తీశాడు. ఫోన్లో ఎవరికీ కనపడడని తెలిసినా తీశాడు.

ఫోన్లో జడ్జిగారు ఒక నడివయసు స్త్రీ. కంపెనీ తరఫున ఒక కుర్ర వకీలు, తొందరగా మాట్లాడే గొంతు. వకీలు పావుగంట సేపు బోర్డుల గురించి, షరతుల గురించి చదివాడు. చివరికి డెరిక్ రాసిన వాక్యం చదివాడు. పదమూడోదైన స్థలంలో ముప్పై ఏళ్ళుగా పెడుతున్నానని ప్రతివాదే ఒప్పుకున్నారు, ఇక వాదనకు ఏమీ మిగల్లేదన్నాడు. డెరిక్ లినెట్ మాట తలుచుకుని, తనను అడిగేదాకా ఆగాడు.

"పద్నాలుగో స్థలం ఎక్కడుంది?" అని జడ్జిగారు వకీలును అడిగారు.

"అది మా పరిధిలో లేదండి."

"మీ పరిధిలో లేని స్థలానికి మీరు పర్మిట్ ఎలా ఇచ్చారు?"

కాగితాలు తిప్పిన చప్పుడైంది. జాబితా ప్రకారం ఇచ్చామన్నాడు వకీలు.

"ఓల్డ్‌రాయిడ్ గారూ, పన్నెండో ఫ్లాటుకీ మీ ఫ్లాటుకీ మధ్య ఏముంది?"

"గోడ అమ్మా. ఒక్క ఇటుక మందం. ట్రెవర్ తుమ్మితే మా ఆవిడ చల్లగా బతకమంటుంది."

జడ్జిగారు నవ్వలేదు. ఆ నంబర్లు ఎవరు వేశారో తెలుసా అని అడిగారు. డెరిక్ చెప్పాడు. బిల్డరు అన్న మాట, ఫొటో, తేదీ, అంకె ఎత్తు ఎన్ని అంగుళాలో కూడా చెప్పాడు. "పదమూడు వెయ్యొద్దన్నారు, వెయ్యలేదు. లేని అంకెలో నేను కారెలా పెడతానమ్మా? నేను బతుకంతా జనానికి ఎక్కడ ఆగాలో రాసి చూపించాను. నా గుమ్మం ముందు నేనెక్కడ ఆగాలో వీళ్ళు చెప్తారా?"

ఆ చివరి మాట అనేటప్పుడు గొంతు పెరిగింది. తరవాత జడ్జిగారు, తాను పెరిగిన వీధిలోనూ పదమూడు లేదన్నారు. లెక్కపెడితే పదమూడోదీ, పేరుకు పద్నాలుగోదీ ఒకటే స్థలం అనడానికి ఆ వీధిలో చిన్నపిల్లలు కూడా తడుముకోరన్నారు. దస్తావేజు ముందుది, బోర్డులు తరవాతవి. ముందు ఇచ్చిన హక్కును తరవాత వచ్చినవాడు బోర్డు పాతి తీసెయ్యలేడు. ఏడు టికెట్ల దావానూ కొట్టేశారు.

డెరిక్ కళ్ళు తుడుచుకున్నాడు. "మరి ఆ అంకె మార్చమని వాళ్ళకి చెప్తారా అమ్మా?"

"అది ఈ దావాలో లేదండి. నా ముందున్నదే నేను తేల్చగలను."

వకీలు అప్పుడే ఫోను పెట్టేసినా బాగుండేది. పెట్టలేదు. రికార్డు కోసం చెబుతున్నానని, ఇకముందు జరిగే ప్రతి ఉల్లంఘననూ తమ క్లయింటు విడివిడిగా చూస్తారని చెప్పి మరీ పెట్టాడు.

మల్కీత్ క్యాబిన్ తలుపు తీసి ఏమైందన్నాడు.

"గెలిచాం" అన్నాడు డెరిక్. "రేపు మళ్ళీ టికెట్ వేస్తారట."

మల్కీత్ తన భాషలో వాళ్ళ ఏడు తరాలనూ తలుచుకున్నాడు. డెరిక్ ఫొటో వంక చూస్తూ కూర్చున్నాడు. ముప్పై ఏళ్ళ కిందటి కుర్రాడు, జుట్టు ఎగిరిపోతూ, తడి నాలుగు మీద చెయ్యి పడకుండా ఎత్తిపట్టి నవ్వుతున్నాడు. ఏడాదిపాటు ఉత్తరాలు రాశాడు, బతిమాలాడు, కొలతలు చెప్పాడు. న్యాయం తనదేనని జడ్జి నోటితో చెప్పినా, రేపు పొద్దున్న మళ్ళీ దొంగలా ఆ పసుపు కవరు పీక్కోవాలి. ఇదెక్కడి గెలుపు? ఇంట్లోకి దూరిన పామును చంపలేను గాని అది నీ ఇల్లేనని రాసిస్తాను అన్నట్టుంది.

"బాయిలర్లో ఎంత మిగిలింది?" అన్నాడు.

"పసుపా?"

"తెలుపు."

మల్కీత్ అతని మొహం చూశాడు. వెళ్ళి రెండో గంగాళం మూత తీసి చూసొచ్చాడు. "రెండంకెలకి సరిపోద్ది పెద్దాయనా. రెండంటే రెండే."

నాలుగింటికి లారీ మిల్ ఫోల్డ్ గేట్లోకి వచ్చింది. డెరిక్ కారు తీసి గేటు బయట వీధిలో పెట్టాడు. మల్కీత్ గ్యాస్ మంట పట్టుకున్నాడు. సన్నటి స్ప్రే పదమూడు మంట తగలగానే ఉల్లిపొరలా లేచిపోయింది. డెరిక్ గీకుడుకత్తితో దాన్ని ఊడ్చి, నేల తుడిచి, సుద్దదారం కొట్టాడు. ఇంట్లోంచి లినెట్ కిటికీకి కుర్చీ ఇంకా దగ్గరికి జరుపుకుంది. చేతిలో టీ కప్పు. మొగుడు పనిచేస్తుంటే ఆమె చూడటం ఆ ఫొటో తీసిన రోజు తరవాత ఇదే.

ట్రెవర్ చెప్పులతోనే బయటికొచ్చాడు. ఇలా వెయ్యడం చట్టమేనా, వాళ్ళు ఊరుకుంటారా అని అడిగాడు.

"నా నేల మీద నా అంకె వేసుకుంటున్నాను ట్రెవర్" అన్నాడు డెరిక్, తల ఎత్తకుండా. "చెరపడానికి ఎవడొస్తాడో రమ్మను. వచ్చేవాడు ముందు మోకాళ్ళ మీద కూర్చోవాలి, అది మాత్రం చెప్పు."

ఒకటి వేశాడు. ఒక్క లాగుడు, జుట్టుపోగంత కూడా తేడా లేకుండా. నాలుగుకు మూడు లాగుళ్ళు. మూడోదాని మధ్యలో చెయ్యి ఆగింది. పెదవులు తెల్లబడ్డాయి. మల్కీత్ ముందుకు వంగాడు. డెరిక్ తల అడ్డంగా ఊపి, ఊపిరి తీసుకుని, లాగుడు పూర్తిచేశాడు. ఆగినచోటు కనపడకుండా పెట్టె అంచుతో సర్దాడు. డబ్బాలో మిగిలిన గాజుపొడి అంతా, నాలుగు గుప్పెళ్ళకు పైనే ఉంటుంది, రెండంకెల మీద చల్లేశాడు. అంత ఎక్కువ చల్లడం మల్కీత్ ఎన్నడూ చూడలేదు.

ఆస్పత్రికి పోదామా అని మల్కీత్ రెండుసార్లు అడిగాడు. వంగి వంగి అలా అయింది, ఇంటిముందే ఉన్నాగా అన్నాడు డెరిక్. ఐదులోపు లారీ డిపోలో ఉండాలి. లేకపోతే ఆలస్యమని రాసుకుంటారు. "రేపు ఆరున్నరకి" అన్నాడు మల్కీత్. డెరిక్ చెయ్యెత్తాడు. లారీ గేటు దాటిపోయింది. ట్రెవర్ చలికి తట్టుకోలేక లోపలికి పోయాడు.

డెరిక్ పద్నాలుగు ముందున్న రాతి గట్టు మీద కూర్చున్నాడు. పట్టీలు విప్పి, దిండ్లు రెండూ తీసి పక్కన పెట్టుకున్నాడు. ఇంకా పది నిమిషాలు. పడమటి మిల్లు పొగగొట్టం వెనక ఎండ సన్నగా ఉంది. అది అంకెల మీద పడి గాజుపొడి మెరుస్తోంది. ఆకు ఒకటి దొర్లుకుంటూ వచ్చింది. దాన్ని బూటుతో ఆపాడు.

లోపల లినెట్ సాసేజీలు పెనం మీద వేసి, ఉల్లిపాయల గ్రేవీ కలిపి, మంట తగ్గించి మళ్ళీ కిటికీ దగ్గరికొచ్చింది. వేలి ఉంగరంతో అద్దం మీద రెండుసార్లు కొట్టింది. తిండి సిద్ధమైందంటే ఆ ఇంట్లో అదే పిలుపు. అతను తల ఎత్తడు, ఒక చెయ్యి పైకెత్తుతాడు. అది జవాబు. చెయ్యి లేవలేదు. అంకె ఇంకా గట్టిపడలేదేమో అనుకుంది. కాసేపు చూసి మళ్ళీ కొట్టింది. అతని తల కొంచెం ముందుకు వాలి ఉంది, పని సరిచూసుకునేటప్పుడు వాలినట్టే. బూటు కింద ఆకు అలాగే ఉంది.

ఆమె కర్ర తీసుకోలేదు. తలుపు తీసి, కటకటా పట్టుకుని ర్యాంపు దిగింది. అక్కణ్ణుంచి అతని దగ్గరికి తిన్నగా తొమ్మిది అడుగులు, కాని తిన్నగా పోతే తడి అంకె మీద పడతాయి. ఆమె పక్కనుంచి తిరిగి వెళ్ళింది. పదో అడుగు వేసింది, పదకొండోది వేసింది. పన్నెండోదానికి గట్టు అందింది. అతని పక్కన కూర్చుని, చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది. ఊపిరి అందేదాకా పిలవలేదు. అందాక కూడా పిలవలేదు. ట్రెవర్ చూసి పరిగెత్తుకొచ్చేసరికి ఆమె చెయ్యి అడ్డం పెట్టి, "చూసి నడువు, ఇంకా తడిగా ఉంది" అంది.

ఆ రాత్రి వాన పడింది. ట్రెవర్ వీధిలోంచి నీలం కారు తెచ్చి పద్నాలుగులో పెట్టాడు. పొద్దున్న ఆరున్నరకు మల్కీత్ హారను కొట్టాడు. ఎవరూ రాకపోతే లారీ దిగి లోపలికి నడిచాడు. గట్టు మీద మోకాలి దిండ్లు రెండూ పక్కపక్కనే ఉన్నాయి. గుంటల్లో వాననీళ్ళు నిలిచాయి, కుడిదానిలో కొంచెం ఎక్కువ.